నొప్పికి పదికి ఎన్ని మార్కులు?

కార్పొరేట్ ఆస్పత్రి ఎమర్జెన్సీలో మంచం మీద పడుకోబెట్టగానే, చేతికి బీపీ పట్టీ చుడుతూ నర్సు అడిగే ప్రశ్న ఒకటుంది: "సున్నా నుంచి పది వరకు లెక్కేస్తే నొప్పి ఎంతుందండీ?" సున్నా అంటే అసలు లేదని, పది అంటే ఇంతకు మించిన నొప్పిని ఊహించుకోలేమని. మనవాళ్లలో చాలామంది దీనికి చెప్పే జవాబు "చాలా ఉందమ్మా". అలా కాదు, అంకె చెప్పాలంటే పక్కనున్న కొడుకు మొహం చూస్తారు. ఆయన "ఎనిమిది వేసుకోండి సిస్టర్" అంటాడు. ఎనిమిది కేస్‌షీటు ఎక్కేస్తుంది. ఎవరి నొప్పికి ఎవరు మార్కులు వేశారో తర్వాత వచ్చే డాక్టరుకు తెలియదు.

మామూలుగా 1 నుంచి 3 దాకా వస్తే తక్కువ నొప్పి, 4 నుంచి 6 దాకా ఓ మోస్తరు, 7 నుంచి పైకి తీవ్రమైన నొప్పి అని లెక్క. ఈ అంకె మంచం పక్కకు చేరడం వెనక అమెరికా కథ ఉంది. నాడి, జ్వరం, బీపీ, శ్వాస, ఈ నాలుగింటినీ చూసినట్టే నొప్పినీ చూడాలని 1995లో అమెరికన్ పెయిన్ సొసైటీ అధ్యక్షుడు జేమ్స్ క్యాంప్‌బెల్ వాదించారు. అక్కడి మాజీ సైనికుల ఆస్పత్రులు దాన్ని నియమంగా పెట్టుకున్నాయి. ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2001లో నొప్పిని అంచనా వేయడానికి ప్రమాణాలు తెచ్చింది. ఉద్దేశం మంచిదే. బాధతో మూలుగుతున్న మనిషిని పట్టించుకోకుండా వదిలేసే అలవాటు అప్పట్లో ఎక్కువ. కానీ అంకెను ఎలాగైనా కిందికి దించాలన్న ఒత్తిడి మార్ఫిన్ జాతి మాత్రలు విచ్చలవిడిగా రాయడానికి ఒక కారణమైందన్న విమర్శ పెరిగింది. చివరికి 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషనే ఈ 'అయిదో ప్రాణసూచిక' మాటను వదిలేయాలని తీర్మానించింది.

అంటే ఆ అంకె దండగా? కాదు. దాన్ని వాడే తీరు వేరు. మీ ఏడూ నా ఏడూ ఒకటి కావు, వాటిని పోల్చడంలో అర్థం లేదు. మీ ఉదయపు ఏడునూ మీ సాయంత్రపు అయిదునూ పోల్చవచ్చు. ఎంత తగ్గితే రోగికి నిజంగా తగ్గినట్టు అనిపిస్తుందో తేల్చడానికి జాన్ ఫరార్ బృందం 2001లో మందు ప్రయోగాలు పదింటిలోని 2,724 మంది లెక్కలు తీసింది. అంకెలో 2 గానీ, మొదటి అంకెలో 30 శాతం గానీ తగ్గితే "బాగా నయం" అన్నమాట రోగి నోట వస్తోందని తేలింది. ఎనిమిది ఏడైతే పెద్దగా ఏమీ జరగనట్టే. ఎనిమిది అయిదున్నరకు దిగితే మందు పని చేసినట్టు. కాబట్టి ఈ ప్రశ్న ఒక్కసారి అడిగి ఊరుకుంటే సగం పనే. ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకో గంటకో మళ్లీ అడగాలి. మన ఆస్పత్రుల్లో మొదటి అంకె రాయడంలో ఉన్న శ్రద్ధ రెండో అంకెకు వచ్చేసరికి ఉండదు.

ఇంకో సంగతి. నొప్పి ఎంతో చెప్పే అంకె, ఆ నొప్పి ఏమిటో చెప్పదు. కిడ్నీలో రాయి జారితే మనిషి పదికి పది చెప్పి నేల మీద దొర్లుతాడు. సాధారణంగా ప్రాణానికి ముప్పుండదు. గుండెపోటు వచ్చిన మనిషి "ఏదో మూడుంటుంది, బరువుగా ఉంది అంతే" అంటూ నడిచి లోపలికి రావచ్చు. జబ్బేమిటో పట్టించేది అంకె కాదు, దాని చుట్టూ అడిగే మిగతా ప్రశ్నలు.

అవి ఎంత పట్టిస్తాయో కూడా లెక్క ఉంది. 1975లో ఇంగ్లండులో హాంప్టన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అవుట్‌పేషెంట్ విభాగానికి కొత్తగా వచ్చిన 80 మందిని తీసుకున్నారు. రోగి చెప్పింది విన్నాక జబ్బేమిటనుకుంటున్నారో డాక్టరు రాసిపెట్టాలి. ఒంటి మీద చేయి వేసి పరీక్షించాక మళ్లీ రాయాలి. రక్తపరీక్షలూ ఎక్స్‌రేలూ వచ్చాక ఇంకోసారి. చివరికి నిలబడిన రోగనిర్ధారణ 80 మందిలో 66 మందికి మొదటి మెట్టులోనే, అంటే మాటల్లోనే దొరికేసింది. చేతి పరీక్ష 7 మందిలో, ల్యాబు 7 మందిలో అభిప్రాయాన్ని మార్చాయి. 1992లో అమెరికాలో ఇదే పద్ధతిలో మరో 80 మందిని చూస్తే 76 శాతం జబ్బులు మాటలతోనే తేలాయి. సీటీ, ఎంఆర్ఐలు వీధివీధికీ రాకముందు లెక్కలివి, నిజమే. అయినా తలకు తీయాలో మెడకు తీయాలో, అసలు తీయాలో వద్దో యంత్రం చెప్పదు. రోగి మాట విన్న మనిషే చెప్పాలి.

మరి వింటున్నారా?

"ఏమ్మా, ఏంటి ఇబ్బంది?"

"మూడ్రోజుల్నించి సార్, అన్నం తిన్నాక ఇక్కడ..."

"మోషన్ ఫ్రీగా అవుతోందా?"

ఈ సంభాషణ ఆంధ్రలోనో తెలంగాణలోనో ఓపీ గది బయట కూర్చున్న ఎవరికైనా తెలుసు. దీనికి గడియారం పెట్టి చూసినవాళ్లు బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికన్లు. 1984లో 74 సంప్రదింపులను టేపుల్లో రికార్డు చేశారు. రోగి నోరు తెరిచాక డాక్టరు అడ్డు తగలడానికి సగటున పట్టిన సమయం 18 సెకన్లు. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగినవాళ్లు 74 మందిలో 17 మంది. అడ్డం పడ్డాక తెగిన మాటను మళ్లీ అందుకుని ముగించే అవకాశం దక్కింది ఒక్కరికే. 1999లో మరో బృందం 264 సంప్రదింపులు చూసింది. ఈసారి 23 సెకన్లు. ఆ అధ్యయనంలో అసలు చురక ఇంకొకటుంది: అడ్డు తగలకుండా వదిలేస్తే రోగులు అదనంగా వాడుకున్నది సగటున 6 సెకన్లే. 2018లో వచ్చిన మరో లెక్కలో ఆ 23 కాస్తా 11కు పడిపోయింది.

వదిలేస్తే రోగి రామాయణం మొదలుపెడతాడని డాక్టర్ల భయం. స్విట్జర్లాండులోని బాజెల్ విశ్వవిద్యాలయ ఆస్పత్రి వాళ్లు ఆ భయాన్నే పరీక్షకు పెట్టారు. 335 మంది రోగులు. డాక్టర్లు నోరు మెదపకుండా వింటూ రహస్యంగా స్టాప్‌వాచ్ నొక్కాలి. 2002లో వచ్చిన ఫలితం: సగటున 92 సెకన్లు. రెండు నిమిషాల్లో ముగించినవాళ్లు 78 శాతం. అయిదు నిమిషాలు దాటించినవాళ్లు మొత్తం 335 మందిలో ఏడుగురు. ఆ ఏడుగురూ చెప్పింది కూడా వినాల్సిన సంగతేనని వాళ్ల డాక్టర్లే ఒప్పుకున్నారు. అంటే, రామాయణం ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది.

అయితే బాజెల్ లెక్కను గుంటూరులోనో వరంగల్‌లోనో పరిచే ముందు ఇంకో అంకె చూడాలి. 67 దేశాల్లో ప్రాథమిక వైద్యుడు ఒక్కో రోగికి ఎంతసేపు ఇస్తాడన్న అధ్యయనాలన్నిటినీ కలిపి 2017లో ఒక సమీక్ష వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాల 30 సెకన్లు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఉన్న 18 దేశాల్లో డాక్టరు సమయం అయిదు నిమిషాలో అంతకన్నా తక్కువో. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఓపీ అనుకోండి, 240 నిమిషాలు. చీటీలు 120. మనిషికి రెండు నిమిషాలు. అందులో 92 సెకన్లు వినడానికి పోతే మిగిలేవి 28. ఆ 28లోనే పొట్ట నొక్కి చూడాలి, స్టెతస్కోపు పెట్టాలి, మందులు రాయాలి, "బయట పరగడుపునా తిన్నాకా అడిగి తెలుసుకోండి" అనాలి. డాక్టరు మర్యాద తక్కువవాడని తిట్టడం తేలికే గాని, లెక్క ఆయన వైపు కూడా నిలబడుతుంది. నా మట్టుకు నాకు అనిపించేది, ఆ 92 సెకన్లు డాక్టరే వినాలని ఎక్కడా రాసి లేదు. వరుసలో కూర్చున్నప్పుడే నర్సో, పల్లె ఆస్పత్రుల్లోని మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడరో (ఎంఎల్‌హెచ్‌పీ) వినొచ్చు, విన్నది రెండు ముక్కల్లో రాసి లోపలికి పంపొచ్చు. ఇప్పుడు చాలాచోట్ల వరుసలో ఉన్నవాళ్ల దగ్గర రాసుకుంటున్నది బరువూ బీపీనే.

ఇక ఆ ప్రశ్నలు. ఎంబీబీఎస్ పిల్లలు నొప్పి గురించి ఎనిమిది అంశాలను 'సోక్రటీస్' అన్న ఇంగ్లిషు పేరులోని ఎనిమిది అక్షరాలతో బట్టీ పడతారు. ఎక్కడ, ఎప్పుడు ఎలా మొదలైంది, ఎలాంటి నొప్పి, ఎటైనా పాకుతోందా, దానితోపాటు ఇంకేమున్నాయి, రోజులో ఎప్పుడు ఎంతసేపు, దేనితో పెరుగుతుంది దేనితో తగ్గుతుంది, చివరికి ఎంత. అంకె ఎనిమిదోది. నర్సు మొదట అడిగిన ప్రశ్న ఈ వరుసలో ఆఖరిది!

'ఎక్కడ' అని అడిగి ఊరుకోకుండా "ఒక్క వేలితో చూపించండి" అంటే చాలా తెలుస్తుంది. ఛాతీలో ఒకే చోట వేలు పెట్టి, నొక్కితే అక్కడే నొప్పి అంటే అది ఎముకలదో కండరాలదో అయ్యే అవకాశం ఎక్కువ. పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెట్టి "ఇక్కడంతా పట్టేసినట్టుంది" అంటే అనుభవమున్న డాక్టరు ఈసీజీ మిషను తెమ్మంటాడు. ఆ పిడికిలికి శామ్యూల్ లెవీన్ అనే గుండె వైద్యుడి పేరు పెట్టారు. అపెండిక్స్ అయితే మొదట బొడ్డు చుట్టూ మొదలై, గంటలు గడిచాక కుడివైపు కిందికి దిగుతుంది. "ఇప్పుడెక్కడుంది" అని మాత్రమే అడిగితే ఆ ప్రయాణం బయటికి రాదు.

'ఎలా మొదలైంది' అన్నది తలనొప్పిలో ప్రాణం నిలబెట్టే ప్రశ్న. పిడుగు పడ్డట్టు వచ్చి ఒక్క నిమిషంలోపే పతాకస్థాయికి చేరిందంటే, మెదడు పొరల కింద రక్తనాళం చిట్లిందేమో చూడాలి. అదే పది మార్కుల తలనొప్పి రెండు రోజుల మీద మెల్లగా పెరిగిందంటే దారి వేరు.

పాకడం సంగతి: గుండె నొప్పి ఎడమ చేతికీ దవడకూ పాకుతుంది, కిడ్నీ రాయి నడుం పక్క నుంచి గజ్జల్లోకి దిగుతుంది, పిత్తాశయపు నొప్పి కుడి భుజం వైపు కొడుతుంది. పాంక్రియాస్ వాస్తే వీపులోకి పొడుచుకుపోతుంది. ఛాతీ నొప్పి గుండెదా కాదా అని తూచడానికి గుండె వైద్యులు చాలా ఏళ్లుగా మూడు ప్రశ్నలు వాడుతున్నారు. ఎముక వెనకాలా? నడిచినా మెట్లెక్కినా వస్తోందా? ఆగితేనో నాలిక కింద మాత్ర పెట్టుకుంటేనో కొద్ది నిమిషాల్లోనే తగ్గుతోందా? మూడుకు మూడూ అవునంటే గుండె రక్తనాళాల నొప్పి లక్షణాలు సరిగ్గా ఉన్నట్టు. రెండయితే అనుమానం. ఒకటో సున్నానో అయితే వేరే కారణం వెతకాలి.

'ఎలాంటి నొప్పి' అన్న దగ్గర డాక్టర్లు తొందరపడతారు. కానీ సరుకంతా అక్కడే ఉంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ రోగులు వాడే మాటలను పోగుచేసి, వాటిలో 78 మాటలను 20 గుంపులుగా పేర్చి 1975లో ఒక ప్రశ్నపత్రం చేశాడు. మన దగ్గరా సరుకు తక్కువేం కాదు. తలపోటు వేరు, తలదిమ్ము వేరు. కురుపు సలుపుతుంది, కాళ్లు లాగుతాయి, తెలంగాణలో గుంజుతాయి. నడుం కలుక్కుమంటుంది, పంటి నరం జివ్వుమంటుంది, కడుపులో మెలిపెడుతుంది. ఈ తేడాలు ముచ్చటకు చెప్పడం లేదు. నరాల నొప్పిని పట్టుకోవడానికి 2005లో ఫ్రాన్సులో చేసిన డీఎన్4 అనే పరీక్షలో పది అంశాలుంటే ఏడు అడిగి తెలుసుకునేవే: మంట, నొప్పిపుట్టించే చల్లదనం, కరెంటు షాకు, చీమలు పాకినట్టుండటం, సూదులు గుచ్చినట్టుండటం, మొద్దుబారడం, దురద. మిగతా మూడు తాకి, గుచ్చి చూసేవి. పదిలో నాలుగు వస్తే అది నరాల నొప్పి కావచ్చు. దానికి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు, మందే వేరు. షుగరు పేషెంటు "అరికాళ్లు నొప్పి" అన్నాడని చీటీ మీద ఒక్క ముక్కలో రాసేస్తే ఈ నాలుగూ అక్కడే పోతాయి.

కొన్ని మాటలు రెండు జబ్బులను మోస్తాయి. "కళ్లు తిరుగుతున్నాయి" అన్నది అందులో మొదటిది. గది గిర్రున తిరుగుతోందా, మీరు సొమ్మసిల్లి పడిపోయేట్టున్నారా అని విడదీసి అడగాలి. మొదటిది చెవికి సంబంధించిందో మెదడుదో, రెండోది బీపీదో గుండెదో కావచ్చు. "గ్యాస్ పట్టింది" అన్నది ఇంకా ప్రమాదం. అది లక్షణం కాదు, రోగి తనకు తానే చేసుకున్న రోగనిర్ధారణ. డాక్టరు దాన్ని అలాగే రాసుకుని యాంటాసిడ్ ఇచ్చి పంపిస్తే, ఆ గ్యాసు తెల్లారేసరికి క్యాథ్‌ల్యాబులో తేలొచ్చు. "గ్యాస్ అంటే మీకు ఏమవుతోంది, చేత్తో చూపించండి" అన్న ఒక్క ప్రశ్నకు అయిదు సెకన్లు పడుతుంది. పీజీ సీట్లలో సగం ఆల్ ఇండియా కోటాలో భర్తీ అవుతున్న ప్రభుత్వ కళాశాలల ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీలో ఉన్న రెసిడెంటుకు తెలుగు అంతంతమాత్రమే కావచ్చు. అప్పుడు అనువాదం చేసేది నర్సమ్మో, వార్డుబాయో. ఇన్ని రకాల నొప్పులూ వాళ్ల దగ్గర 'పెయిన్' అయిపోతాయి.

ఇంతా చేసి, నొప్పి లేని జబ్బుల మాటేమిటి? అమెరికాలో గుండెపోటుతో ఆస్పత్రికి చేరిన 4,34,877 మంది వివరాలను 2000లో ప్రచురించారు. వచ్చేసరికి ఛాతీ నొప్పే లేనివాళ్లు 33 శాతం. ఆయాసం, చెమటలు, వాంతి, నీరసం, ఇలా వచ్చారు. నొప్పి ఉన్నవాళ్లలో ఆస్పత్రిలోనే చనిపోయింది 9.3 శాతమైతే, నొప్పి లేనివాళ్లలో 23.3 శాతం. వాళ్లు ఆలస్యంగా వచ్చారు, వచ్చాక కూడా చికిత్స ఆలస్యంగా, తక్కువగా అందింది. నొప్పి లేకుండా వచ్చేవాళ్లలో పెద్దవయసు వాళ్లు, ఆడవాళ్లు, షుగరున్నవాళ్లు ఎక్కువ. ఐసీఎంఆర్ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు. అందుకే అరవై దాటిన షుగరు మనిషి "ఊరికే చెమటలు పట్టి నీరసంగా ఉంది" అన్నప్పుడు "ఛాతీలో నొప్పుందా?" అని అడిగి, లేదనగానే గ్లూకోజు ఎక్కించి పంపేయడం పెద్ద పొరపాటు.

చెప్పినా నమ్మకపోవడం మరో సమస్య. ఫిలడెల్ఫియా ఎమర్జెన్సీకి తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన 981 మందిని 2008లో చూస్తే, ఆడా మగా చెప్పిన నొప్పి అంకెలు ఇంచుమించు ఒకటే. మందు అందడానికి మగవాళ్లు ఆగింది 49 నిమిషాలు, ఆడవాళ్లు 65. వర్జీనియాలో 2016లో 222 మంది తెల్లజాతి వైద్య విద్యార్థులనూ రెసిడెంట్లనూ అడిగితే, నల్లజాతివాళ్ల చర్మం మందమన్నలాంటి అబద్ధాల్లో కనీసం ఒకదాన్నయినా నమ్ముతున్నవాళ్లు సుమారు సగం మంది తేలారు. మన దగ్గర ఆడమనిషి "ఒళ్లంతా నొప్పులు" అంటే బి కాంప్లెక్సు రాసే చేతిని ఎవరైనా ఇలా లెక్క కడితే బాగుండు. భర్తో అత్తగారో పక్కనే నిలబడి జవాబులు చెబుతుంటే, నెలసరి నొప్పీ మూత్రంలో మంటా అసలు బయటికే రావు. అటెండరును రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టడం కూడా ప్రశ్న అడగడంలో భాగమే.

నోరులేని వాళ్లకు వేరే కొలతలున్నాయి. మూడేళ్లు దాటిన పిల్లలకు వాంగ్-బేకర్ బొమ్మల్లో ఆరు ముఖాలు, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా. ఇంకా చిన్నవాళ్లకు 1997లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి: ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం పది. మతిమరుపు వ్యాధి ముదిరిన పెద్దవాళ్లకూ ఇలాంటిదే ఉంది, అందులో శ్వాసను కూడా గమనిస్తారు. అడగడం కుదరని చోట చూడటమే ప్రశ్న.

పాతకాలపు భయం ఒకటి ఇప్పటికీ కొన్నిచోట్ల నడుస్తోంది. కడుపునొప్పికి ముందే ఇంజెక్షన్ ఇస్తే జబ్బు దాగిపోతుంది, సర్జన్ వచ్చేదాకా ఓర్చుకో అంటారు. 1921లో జకారీ కోప్ రాసిన పుస్తకం తరతరాల సర్జన్లకు ఈ జాగ్రత్త నేర్పింది. ఆ తర్వాత చేసిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, ముందే నొప్పి తగ్గించడం వల్ల రోగనిర్ధారణలో తప్పులు పెరగలేదని తేలింది. మెలికలు తిరిగే మనిషి కంటే నొప్పి కాస్త తగ్గిన మనిషే ప్రశ్నలకు నెమ్మదిగా జవాబు చెప్పగలడు. ఇంట్లో ముందే ఏదైనా మాత్ర వేసుకుని ఉంటే దాని పేరూ వేసుకున్న టైమూ డాక్టరుకు చెప్పాలి, తిడతారని దాచకూడదు.

2019లో మొదలైన కొత్త ఎంబీబీఎస్ సిలబస్‌లో రోగితో మాట్లాడటం నేర్పే ఏఈటీకామ్ అనే భాగం చేరింది. ఆ బ్యాచీలు ఇప్పుడు హౌస్‌సర్జన్సీ దాటి ఓపీల్లో కూర్చుంటున్నాయి. వాళ్లకు ఒక్క వాక్యం మార్చుకోమని చెప్పదగ్గ లెక్క ఒకటుంది. చీటీ రాసి ఇచ్చాక, తలుపు దాకా వెళ్లిన రోగి వెనక్కి తిరిగి "సార్, ఇంకోటి..." అంటాడే, దాని గురించి. 2007లో జాన్ హెరిటేజ్ బృందం అమెరికాలో 20 మంది డాక్టర్లతో, 224 మంది రోగులతో ఒక ప్రయోగం చేసింది. లోపలికి వెళ్లే ముందే రోగులు తమ బాధలన్నీ కాగితం మీద రాశారు. కొందరు డాక్టర్లు మన "ఇంకేమన్నా ఉందా?"లాగా 'లేదు' వైపు మొగ్గే ప్రశ్న వేశారు. కొందరు "ఇంకో ఇబ్బంది కూడా చెబుతానన్నారేమో, చెప్పండి" అన్న తీరులో 'ఉంది' వైపు మొగ్గేటట్టు అడిగారు. చెప్పాల్సింది మిగిలి ఉన్నవాళ్లలో మొదటి ప్రశ్నకు అవునన్నవాళ్లు 53 శాతం, రెండోదానికి 90 శాతం. కాగితం మీద రాసి కూడా చెప్పకుండానే వెనక్కి తీసుకెళ్లిన బాధలు రెండో పద్ధతిలో 78 శాతం తగ్గాయి. సంప్రదింపు సమయం మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.